తాడు పట్టింది ఎవరు?

మేము నల్లమల చెంచులం. గిద్దలూరు, రాచర్ల, అర్ధవీడు, దోర్నాల, ఎర్రగొండపాలెం వైపు గూడేల్లో పుట్టినవాళ్లం. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దుకుని, ఇప్పుడు మా పిల్లల చేత దిద్దిస్తున్నవాళ్లం. పంతుళ్లుగా శిక్షణ తీసుకునేటప్పుడు మాకు ఒక మాట నేర్పారు: పిల్లవాడికి తెలిసిన కథ నుంచి పాఠం మొదలుపెట్టాలని. మంచి మాటే. కానీ మా పిల్లలకు తెలిసిన కథను పెద్దవాళ్లు ముందే ఎత్తుకుపోయారు. అది తిరిగి బడికి వచ్చేసరికి మా పిల్లలే సిగ్గుపడేలా తయారైంది. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాం.

ముందు ఆ కథ వినండి. మా అవ్వ చెప్పిన తీరు ఇది.

నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి చంపాడు. చంపినా కోపం చల్లారలేదు. అడవంతా గర్జించుకుంటూ తిరుగుతున్నాడు. జింకలు పారిపోయాయి, ఎలుగులు పారిపోయాయి, మునులూ పారిపోయారు. చెంచుపిల్ల ఒక్కతే నిలబడింది. 'ఎందుకట్లా అరుస్తావు, ఆకలా?' అని అడిగింది. దేవుడి కోపం అక్కడ దిగింది. పిల్లను ఇవ్వమని గూడేనికి వచ్చాడు. పిల్ల తండ్రి 'ఇస్తాం గానీ నీకు పనేమొచ్చు?' అన్నాడు. గడ్డ తవ్వమన్నారు. రాక్షసుడి పొట్ట చీల్చిన గోళ్లతో తవ్వితే గడ్డ ముక్కలు ముక్కలైంది. ఇక్కడ పిల్లలందరం నవ్వేవాళ్లం. గడ్డ పైకొసను మళ్లీ మట్టిలో పెట్టి పూడ్చాలని, అప్పుడే మరుసటి ఏడు మళ్లీ దొరుకుతుందని చెంచుపిల్ల నేర్పింది. తర్వాత తేనె. కొండ అంచు నుంచి తాడు మీద దిగాలి. లోకాలను కాపాడే దేవుడికి కాళ్లు వణికాయి. పైన తాడు పట్టింది ఎవరు? చెంచుపిల్ల అన్న.

'ఆయనే ఎందుకు పట్టాలి?' అని అవ్వ అడిగేది. మేం పోటీపడి చెప్పేవాళ్లం: బావమరిది కాబట్టి, చెల్లెలి తాళి తెంచుకోడు కాబట్టి. ఇది కథలో మాటే కాదు. తేనె తీసేటప్పుడు తాడు బావమరిది చేతికివ్వడం మా ఆచారం. ఆరేళ్ల పిల్లవాడికి నమ్మకం అంటే ఏమిటో చెప్పడానికి మాకు దొరికిన పాఠం ఆ తాడు.

ఈ కథను పెద్దల కోసం తిరగరాయడం కొత్తేమీ కాదు. 1943లో 'చెంచులక్ష్మి' సినిమా వచ్చింది. 1958లో అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవిలతో మళ్లీ వచ్చింది. న్యాయంగా మాట్లాడదాం. ఆ రెండో సినిమాలో చెంచిత నరహరిని 'ఇది చేయగలవా, అది చేయగలవా' అని ప్రశ్నించే పాట ఉంది. అది మా అవ్వ కథకు దగ్గరగానే ఉంటుంది. మా ఇళ్లలోనూ ఆ పాట పాడతారు. కానీ జనం మనసులో మిగిలింది ఏమిటి? అడవిపిల్ల వేషం, సిగలో ఈక, చిందులు. తర్వాత వచ్చిన ఎన్నో సినిమాల్లో, రంగస్థలాల మీద, ఇప్పుడు సెల్‌ఫోను తెరల మీద ఆ వేషమే తిరుగుతోంది. గడ్డ పోయింది, తేనె పోయింది. తాడు పట్టిన అన్న మాకు ఏ పెద్దల కథలోనూ కనబడలేదు. పరీక్ష పెట్టిన పిల్ల పోయి, చూపించుకునే పిల్ల మిగిలింది.

దీంతో ఏమవుతుందో మాకు తెలుసు. ఒక బడిలో వార్షికోత్సవం. ఏడో తరగతి చదివే మా గూడెం పిల్లను 'నువ్వెట్లాగూ చెంచువే, చెంచులక్ష్మి వేషం నీకే' అన్నారు. ఆకులతో కుట్టిన పావడా ఇచ్చారు. ఆ పిల్ల మాట్లాడలేదు. మర్నాడు బడికి రాలేదు, ఆ వారమంతా రాలేదు. మేము ఇంటికి పోతే గుడిసె వెనక కూర్చుని ఉంది. 'సారూ, మా జేజి చెప్పిన కథలో చెంచక్క గట్టిది. ఆళ్ల కథలో అందరూ నవ్వుతారు' అంది. గడ్డను ముక్కలు చేసిన దేవుణ్ణి చూసి నవ్వాల్సిన చోట, చెంచుపిల్లను చూసి నవ్వడం మొదలైంది. మేం ఇంత కోపంగా రాయడానికి కారణం ఇదే.

కొందరు మిత్రులు అంటారు: 'కథలు మారుతూనే ఉంటాయి. మీ పెద్దలు మాత్రం ఒక్కరీతిగా చెప్పారా? పిల్లల కథలో పెద్దల సంగతులు తేవడం తప్పా?' తప్పని మేము అనం. పిల్లలు నిద్రపోయాక మా ముసలమ్మలు ఇదే కథలో ఆదిలక్ష్మి అలకను, సవతుల పోరును, దేవుడి తిప్పలను చెప్పుకుని పడి పడి నవ్వుకునేవాళ్లు. కథకు పెద్దల రూపం ఉండాలి. కానీ మా ముసలమ్మలు నవ్వింది మొగుళ్ల మీద, దేవుళ్ల మీద, తమ మీద. చెప్పేవాళ్లు కథలోని మనుషులకు బంధువులు. మరుసటి రాత్రి అదే నోటితో అదే కథ పిల్లలకు చెప్పాలి కాబట్టి వాళ్లకో హద్దు ఉండేది. బయట తిరగరాసేవాళ్లకు ఆ మరుసటి రాత్రి లేదు.

తిన్నడి కథా అంతే. నోటితో నీళ్లు తెచ్చి, రుచి చూసి మంచి మాంసం ముక్క దేవుడికి పెట్టి, కన్నిచ్చిన వేటగాడు. రెండో కన్ను ఎక్కడ పెట్టాలో తెలియడానికి కాలితో గుర్తు పెట్టుకున్నాడని చెప్తే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. పదహారో శతాబ్దంలో ధూర్జటి రాశాడు. 1976లో బాపు సినిమా తీశాడు. 2025 జూన్‌లో 'కన్నప్ప' పేరుతో భారీ ఖర్చుతో మళ్లీ తీశారు. అందులో తిన్నడి అడవి కోసం న్యూజిలాండ్ దాకా పోయి తీశారు. శేషాచలం, నల్లమల ఇక్కడే ఉన్నాయి. వేటగాడి సంతతీ ఇక్కడే ఉంది. తిన్నడి గొప్పతనం కత్తియుద్ధంలో లేదు. తల్లి బిడ్డకు రుచి చూసి పెట్టినట్టు దేవుడికి పెట్టడంలో ఉంది. ఎంగిలి అనేవాళ్లకు అది అర్థం కాదు, వండిపెట్టే చేతులకు అర్థమవుతుంది.

మన దేశంలోనే కాదు. ఇంగ్లీషు పిల్లల కథ 'పీటర్ పాన్' 1904లో నాటకంగా వచ్చింది. అందులో టైగర్ లిలీ అనే ఆదివాసి పిల్ల ఉంది. 2015లో 'పాన్' అని ఆ కథను తిరగరాసి తీసిన సినిమాలో ఆ వేషం తెల్లనటికి ఇచ్చారు. అమెరికా మూలవాసులు అభ్యంతరం చెప్పారు. 2023లో తీసిన కొత్త సినిమాలో ఆ పాత్రను క్రీ తెగ అమ్మాయి వేసింది. వాళ్లు అడిగారు. కాబట్టి మేమూ అడుగుతున్నాం.

చెంచులక్ష్మి కథను పెద్దల కోసం రాయాలనుకునేవాళ్లకు అసలైన పెద్దల సంగతులు మా దగ్గర చాలా ఉన్నాయి. దేవుడికి పిల్లనిచ్చిన జాతికి అడవి మీద హక్కు పత్రం కావాలంటే 2006 దాకా చట్టం ఎందుకు రాలేదు? వచ్చాక కూడా కాగితం చేతికందక ఎంతమంది తిరుగుతున్నారు? పులుల అభయారణ్యంలో తేనెకు పోయే అల్లుణ్ణి గేటు దగ్గర ఆపితే తాడు ఎవరు పట్టాలి? సంక్రాంతి కనుమ నాడు మొదలై నలభై రోజులకు పైగా అహోబిలం స్వామి పార్వేటకు ఊరూరా తిరుగుతాడు, పెళ్లికి అత్తింటివాళ్లను పిలవడానికి అంటారు. ఆ అత్తింటివాళ్ల గూడెంలో తాగునీళ్లు ఉన్నాయా అని ఏ కథారచయితైనా అడిగాడా? ఇవి రాయండి, మేము చదువుతాం. మా పిల్లలు పెద్దయ్యాక వాళ్లూ చదువుతారు.

మేము కోరేవి మూడు. మా కథను తిరగరాసేవాళ్లు ముందు గూడెంలో పది రాత్రులు కూర్చుని వినాలి. బడిలో ఏ పిల్లకూ తన జాతిని వేషంగా తొడగకూడదు. మా ముసలమ్మల కథలను మా పిల్లలే రాసుకునేలా నోటు పుస్తకాలు, సమయం ఇవ్వాలి. మూడోది మేము మొదలుపెట్టేశాం. శనివారం చివరి గంటలో మా పిల్లలు ఇంట్లో విన్న కథ రాస్తున్నారు. ఆ ఏడో తరగతి పిల్ల మళ్లీ బడికి వస్తోంది. తన కాగితం మీద చెంచక్కకు పేరు పెట్టింది, అన్నకు పేరు పెట్టింది. దేవుడి పేరు మాత్రం రాయలేదు. ఎందుకమ్మా అంటే, 'ఆయన అందరికీ తెలుసు కదా సారూ' అంది.

తాడు పట్టినవాళ్ల పేర్లు రాయడం ఇప్పుడు మొదలైంది. ఇక మీదట ఆ కథ ఎవరు చెప్పినా, తాడు పట్టింది ఎవరని మేము అడుగుతాం. చెప్పలేకపోతే, ఆ కథ వాళ్లకు ఇంకా రాలేదని అర్థం.