జ్ఞాపకానికి ఒక గుమ్మం

“మౌలానా! మా వాడికి జ్ఞాపకశక్తి లేదండీ. ఎంత చదివినా నిలవడం లేదు.” మదరసాకు వచ్చే తల్లిదండ్రుల నోట ఈ మాట తరచుగా వింటూ ఉంటాను. చదువు మాన్పించి ఏదో ఒక పనిలో పెడతామన్న మాట దాని వెనుకనే వస్తుంది. పక్కన నిలబడిన పిల్లవాడు రెండు మాటలూ వింటూ ఉంటాడు. పాఠం నిలిచినా నిలవకపోయినా, తనకు జ్ఞాపకశక్తి లేదన్న తీర్పు మాత్రం వాడి మనసులో గట్టిగా నిలిచిపోతుంది.

ప్రియ పాఠకులారా! అటువంటి తీర్పు చెప్పే ముందు ఆ పిల్లవాణ్ణే రెండు ప్రశ్నలు అడిగి చూడండి. నానీ వాళ్ళ ఇంటికి ఎలా వెళ్ళాలి? ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడ ఉంటుంది? బస్సు దిగే చోటు, మలుపులోని కిరాణా కొట్టు, కుక్క మొరిగే సందు, ఆకుపచ్చ తలుపు, ఒక్కటీ వదలకుండా చెబుతాడు. చక్కెర డబ్బా సంగతి అడగనే అక్కరలేదు. ఇవన్నీ వాడి చేత ఎవరు వల్లె వేయించారు? ఎవరూ లేరు. వాడు ఆ దారిన నడిచాడు, ఆ అలమరలో చేయి పెట్టాడు. అంతే. కాబట్టి వాడికి జ్ఞాపకశక్తి లేదనడం సరికాదు. చదివిన పాఠానికి వాడి మనసులో ఇంకా ఒక చోటు ఏర్పడలేదనడమే న్యాయం.

అరబీ భాషలో ఈ విషయాన్ని గుర్తు చేసే పదాలు ఎన్నో ఉన్నాయి. కంఠస్థం చేయడాన్ని ‘హిఫ్జ్’ అంటాము. ఆ పదానికి భద్రపరచడం, కాపాడడం అని కూడా అర్థం. భద్రపరచాలంటే ఒక చోటు ఉండాలి కదా! గ్రంథంలోని అధ్యాయాన్ని ‘బాబ్’ అంటారు, అంటే తలుపు. పద్యాన్ని ‘బైత్’ అంటారు, అంటే ఇల్లు. దివ్యఖుర్ఆన్ పారాయణం కోసం చేసిన ఏడు భాగాలలో ఒక్కొక్క దానిని ‘మంజిల్’ అంటాము, అంటే ప్రయాణికుడు దిగే మజిలీ. ఇల్లు, తలుపు, మజిలీ! విద్యకు సంబంధించిన ఇన్ని పదాలు చోట్ల పేర్లే కావడం ఆలోచించదగిన విషయం.

పరిచితమైన చోట్లను ఆధారం చేసుకుని విషయాలను గుర్తుంచుకునే పద్ధతి చాలా ప్రాచీనమైనది. గ్రీకు కవి సైమొనిదీస్ గురించి రోమన్ వక్త సిసిరో ఒక వృత్తాంతం వ్రాశాడు. ఒక విందు జరుగుతూ ఉండగా సైమొనిదీస్ బయటికి వెళ్ళాడు. అంతలో పైకప్పు కూలి లోపల ఉన్నవారందరూ మరణించారు. శవాలు గుర్తుపట్టరాని విధంగా నలిగిపోయాయి. ఎవరు ఏ స్థానంలో కూర్చున్నారో మనసులో చూసుకుంటూ ఆ కవి ఒక్కొక్కరినీ గుర్తించి బంధువులకు చెప్పగలిగాడు. జ్ఞాపకానికి క్రమం ఇచ్చేది స్థానమేనని ఆనాడు అతనికి బోధపడిందట.

ఆధునిక పరిశోధకులు కూడా దీనిని పరీక్షించి చూశారు. లండన్‌లో టాక్సీ నడపాలంటే దాదాపు 25,000 వీధులు నోటికి రావాలి. ఆ డ్రైవర్ల మెదళ్ళను పరిశీలించి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దారులను గుర్తుంచుకోవడానికి తోడ్పడే హిప్పోకాంపస్ అనే భాగం వెనుకవైపున ఇతరులకన్నా పెద్దదిగా కనిపించింది. జ్ఞాపకశక్తి పోటీలలో రాణించేవారిని 2003లో పరీక్షించినప్పుడు, వారి తెలివితేటలు ఇతరులను మించినవేమీ కావని, వారిలో ఎక్కువమంది ఈ చోట్ల పద్ధతినే వాడుతున్నారని తేలింది. 2017లో వెలువడిన మరో అధ్యయనంలో సాధారణ వ్యక్తులకు రోజుకు అరగంట చొప్పున 40 రోజులు ఈ పద్ధతి నేర్పారు. మొదట్లో వారు 72 పదాలలో సుమారు 26 నుంచి 30 వరకు చెప్పగలిగేవారు. శిక్షణ తర్వాత సగటున 62 చెప్పగలిగారు. అంటే ఇది కొందరికే దక్కిన వరం కాదు, నేర్చుకోదగిన విద్య.

మరి వల్లె వేయడంలో లోపమేమిటి? లోపం లేదు, కానీ అదొక్కటే చాలదు. కేవలం వల్లె వేసిన పాఠం గొలుసు వంటిది. ఒక కొస పట్టుకుంటేనే మిగిలినది వస్తుంది. మధ్యలో అడిగితే పిల్లవాడు తడబడి మళ్ళీ మొదటికి పరుగెత్తుతాడు. చోట్లలో భద్రపరచిన పాఠం ఇల్లు వంటిది. ఏ గదిలోకైనా నేరుగా అడుగు పెట్టవచ్చు.

హిఫ్జ్ ఉపాధ్యాయులు ‘ముస్‌హఫ్ మార్చవద్దు’ అని విద్యార్థులను హెచ్చరించేది ఇందుకే. మదీనాలోని కింగ్ ఫహద్ ముద్రణాలయం వారి ముస్‌హఫ్‌లో 604 పుటలు ఉంటాయి. తొలి రెండు పుటలు మినహా పుటకు 15 పంక్తులు. ప్రతి పుటా ఒక ఆయత్ పూర్తి కావడంతోనే ముగుస్తుంది. అదే ప్రతిలో ఏళ్ళ తరబడి చదివిన విద్యార్థికి ఆయత్‌తో పాటు అది ఎడమ పుటలో ఉందో కుడి పుటలో ఉందో, పైన ఉందో అడుగున ఉందో కూడా కనిపిస్తూ ఉంటుంది. సూరా అర్‌రహ్మాన్‌లోని 78 ఆయత్‌లలో ఒకే ఆయత్ 31 సార్లు వస్తుంది. ప్రతిసారీ అక్కడి నుంచి ముందుకు దారి తీసేది చెవికి వినిపించే ధ్వని కాదు. అది ధ్వనిలో ఒకటే. దారి చూపేది దానికి ముందున్న ఆయత్ అర్థం, పుటలో దాని చోటు. కొందరు విద్యార్థులు తమ జీవితాన్ని కూడా జోడిస్తారు. ‘ఈ రుకూ మా చెల్లెలు పుట్టిన వారంలో చదివింది’, ‘ఇది వాన కురుస్తూ ఉండగా మసీదు రెండో స్తంభం దగ్గర వినిపించింది’ అంటారు. ఆ గుర్తులు ఇతరులకు అర్థం లేనివి. వారికి మాత్రం చెదరని ఆనవాళ్ళు.

ఇప్పుడు ఇంట్లో చేయదగిన ఒక అభ్యాసం చెబుతాను. మన పిల్లలకు హిజ్రీ మాసాల పేర్లు తెలుసు. కానీ ‘రజబ్‌కు ముందు ఏది?’ అని అడిగితే ముహర్రం నుంచి మొదలుపెట్టి వేళ్ళు లెక్కిస్తారు. వారి చేయి పట్టుకుని వీధి వాకిలి నుంచి నడవండి. ఆ పేర్లకు భాషావేత్తలు చెప్పే అర్థాలను తోడు తీసుకోండి.

వీధి తలుపు దగ్గర ముహర్రం: నిషిద్ధమైనది, పవిత్రమైనది. సలాం చెప్పి అనుమతి పొందనిదే లోపలికి రాకూడదు కదా! చెప్పులు విడిచే చోట సఫర్: ఖాళీ. అందరూ బయటికి వెళ్ళారు, అక్కడ ఒక్క జతా లేదు. వరండాలోని రెండు పూలకుండీలు రెండు రబీలు: వసంతం. ముందు గదిలోని ఫ్రిజ్ పై తలుపు, కింది తలుపు రెండు జమాదీలు: గడ్డకట్టడం. ఖుర్ఆన్ ఉంచిన అలమర రజబ్: గౌరవం. వేపకొమ్మలు కనిపించే కిటికీ షాబాన్: కొమ్మలుగా చీలడం. వంటింటి పొయ్యి రమజాన్: మండే వేడి. పొయ్యి పైన అటక షవ్వాల్: పైకి ఎత్తడం. ఈద్ నాడు షీర్ ఖుర్మా వండే పెద్ద గిన్నె దిగేది అక్కడి నుంచే. దాదా కూర్చునే కుర్చీ జుల్‌ఖాదా: కూర్చోవడం. ఆ కుర్చీ పైన గోడకు ఉన్న కాబా చిత్రం జుల్‌హిజ్జా.

రెండుసార్లు కాళ్ళతో నడిచిన తర్వాత కళ్ళు మూసుకుని మనసుతో నడవమనండి. పిదప కాబా చిత్రం నుంచి వాకిలి వరకు వెనక్కి నడవమనండి. చివరగా నడుమ నుంచి అడగండి. అలమర ముందు నిలబడితే ఒక పక్క ఫ్రిజ్, మరో పక్క కిటికీ. రజబ్‌కు ముందూ వెనుకా ఏమున్నాయో పిల్లవాడు చూసి చెబుతాడు.

ఇందులో పాటించవలసిన నియమాలు మూడు.

మొదటిది, చోట్లూ గుర్తులూ ఎవరివి వారివే కావాలి. పైన చెప్పినది ఒక ఇల్లు మాత్రమే. మీ ఇంట్లో వేపచెట్టుకు బదులు జామచెట్టు ఉండవచ్చు, అటకే లేకపోవచ్చు. గుర్తును పిల్లవాడినే ఎంచుకోనివ్వండి. అరువు తెచ్చుకున్న గుర్తు కన్నా తానే వెతుక్కున్నది గట్టిగా నిలుస్తుంది.

రెండవది, అదబ్. వింతగా, నవ్వు పుట్టించేలా ఊహించుకుంటే బాగా గుర్తుంటుందని ఈ విద్య నేర్పేవారు చెబుతారు. బజారు నుంచి తేవలసిన సరుకులకు అది చక్కగా పనిచేస్తుంది. గుమ్మంలో కూర్చున్న గుమ్మడికాయను ఊహించుకుంటే తప్పేమీ లేదు. కానీ అల్లాహ్ నామాలకు, ఆయత్‌లకు, ప్రవక్తల గాథలకు అటువంటి ఊహలు తగవు. అక్కడ అర్థం, పుటలోని చోటు, చదివిన సమయం, స్థలం, ఇవే చాలు.

మూడవది, మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూడడం. నడవని దారిలో గడ్డి మొలుస్తుంది. ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారిని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కట్టివేసిన ఒంటెల యజమానితో పోల్చిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. కనిపెట్టుకుని ఉంటేనే ఒంటె నిలుస్తుంది. హిఫ్జ్ మదరసాలలో కొత్త పాఠం సబఖ్, ఇటీవలి పాఠాల సబఖ్ పారా, పాత పాఠాల ఆమూఖ్తా అని ప్రతిరోజూ మూడు పూటల పని పెట్టేది ఇందుకే. బడి పాఠాలకు కూడా ఇదే క్రమం అన్వయించండి. ఈరోజు చదివినది రేపు, వారానికి, నెలకు ఒకసారి తిరిగి చూడాలి.

ఈ పద్ధతి పేర్లను, వరుసను, మాటలను భద్రపరుస్తుంది. అర్థం చేసుకోవడం అన్న పనిని అది చేయదు. లెక్క ఎందుకు అలా వచ్చిందో, ఒక మసలా వెనుక కారణమేమిటో గురువు దగ్గర కూర్చుని తెలుసుకోవలసిందే.

ఇంట్లోని పెద్దలను కూడా ఈ సందర్భంలో తలచుకోవాలి. వయసు మీరిన అమ్మీ, అబ్బాలకు మందుల డబ్బా, కళ్ళద్దాలు, తస్బీహ్ ఉండే చోట్లే జ్ఞాపకానికి ఊతకర్రలు. సర్దుతున్నామని వాటిని మార్చివేసి, ఆ తర్వాత ‘అన్నీ మరచిపోతున్నారు’ అని విసుక్కోవడం అన్యాయం. అయితే, ఏళ్ళుగా నడిచిన వీధిలోనే వారు దారి తప్పుతూ ఉంటే దానిని వయసు మీదకు తోసివేయకండి, ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించండి.

పసివారి విషయంలోనైనా, వృద్ధుల విషయంలోనైనా నిందించడం తేలిక, ఒక చోటు చూపడం కష్టం. కష్టమైన ఆ పనికే పుణ్యం ఉంది. అల్లాహ్ మన సంతానానికి ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దానిని భద్రపరచుకునే శక్తిని, మనకు వారి పట్ల ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.