తరాలు మారినా నిలిచే ఊరు

పుట్టుక మొదలు పుడకల వరకు మనిషికి తోడుగా నిలిచేది ఊరు. ఈ సత్యాన్ని విస్మరిస్తే ఎంత చక్కని పట్టణమైనా కొద్ది కాలంలోనే వెలవెలబోతుందని టోక్యోకు పడమట ఉన్న తామా న్యూటౌన్ చెబుతున్నది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఉపాధికోసం లక్షలాది జనం టోక్యోకు తరలివచ్చారు. ఇండ్లకు తీవ్రమైన కొరత ఏర్పడింది. అందుచేత 1965లో తామా కొండల మీద కొత్త పట్టణానికి ప్రణాళిక ఖరారైంది. కొండలను చదునుచేసి, నేటి నాలుగు నగరాల పరిధిలో సుమారు 2,900 హెక్టార్లలో దానిని నిర్మించారు. 1971లో తొలి కుటుంబాలు ప్రవేశించాయి. పేటపేటకూ బడి, అంగడి, ఉద్యానవనం, వాహనాల బెడద లేని కాలిబాటలు అమరాయి. 1974లో రైళ్ళూ వచ్చాయి.

మరి లోపం ఎక్కడ? ఒకే ఈడు దంపతులు దాదాపు ఒకేసారి వచ్చి చేరారు. వారి పిల్లలు ఒకేసారి పెరిగి, ఒకేసారి ఊరు విడిచారు. తల్లిదండ్రులు ఒకేసారి ముదుసళ్ళయ్యారు. పిల్లలు లేక కొన్ని బడులు మూతబడ్డాయి. లిఫ్టులు లేని అయిదంతస్తుల భవనాలలో మెట్లు దిగడమే వృద్ధులకు గండమైంది.

నాటి ప్రణాళికాకర్తలను నిందించడం న్యాయం కాదు. తలదాచుకొనే చోటు లేనివారికి వారు గూడు కల్పించారు. కాని, ముప్పది ఏళ్ళ వయసులో ఆ ఇంట అడుగిడినవాడు ఎనుబది ఏళ్ళ వయసులోనూ అక్కడే ఉండవచ్చునన్న దూరదృష్టి ఆ కట్టడాలలో కనిపించదు.

సువా ప్రాంతంలోని ఒక సముదాయం వారు ఏళ్ళ తరబడి చర్చించుకొని, 640 పాత ఇండ్లను కూల్చి, 2013 నాటికి 1,249 కొత్త ఇండ్లను కట్టించుకొన్నారు. యువ కుటుంబాలు చేరి ఆ పేటకు మళ్ళీ కళ వచ్చింది. అయితే అదనపు ఇండ్లను కొనేవారున్న చోటనే ఈ మార్గం ఫలిస్తుంది. 2023 గణన ప్రకారం జపాన్‌లో 90 లక్షల ఇండ్లు ఖాళీగా ఉన్నాయి. జనాభా తగ్గుతున్న దేశంలో అంతటా కొత్త మేడలు కడితే నివసించేవారెవరు?

కనుక ఉన్న ఇండ్లను వృద్ధులకు అనువుగా మార్చడం, ఖాళీ ఇండ్లను యువ దంపతులకు తక్కువ అద్దెకు ఇవ్వడం తొలి కర్తవ్యం కావాలి. తాత, మనుమడు ఒకే వీధిలో నడిచే ఊరికి వార్ధక్యం రాదు. కొత్త పట్టణాలను నిర్మించుకొనే ప్రతి దేశమూ పునాది వేసేనాడే ఈ విషయాన్ని ఆలోచించడం శ్రేయస్కరం.