ఆడిట్ ముందు ఎవరి పద్దు చూడాలి?

చెరువు నిండినప్పుడు నీరటికాడు కట్ట పొడవునా అంగుళం అంగుళం చూడడు. తూము దగ్గర, అలుగు దగ్గర, పోయినేడు బుంగ పడిన చోట ముందు చూస్తాడు. ప్రభుత్వ ఖర్చుల ఆడిట్ కూడా అంతే. కాగ్ సిబ్బంది అన్ని పద్దులూ చూడలేరు. సొమ్ము ఎక్కువగా కదిలే చోట, తప్పు జరిగే వీలున్న చోట కొన్ని జిల్లాలు, కొన్ని ఖాతాలు ఎంచుకుని చూస్తారు. దానికి మన అభ్యంతరం లేదు. ప్రమాదం ఎక్కడుందని వారు లెక్క వేస్తున్నారన్నదే మన ప్రశ్న.

ఖజానాకు ప్రమాదమంటే అనర్హుడికి సొమ్ము ముట్టడం. రైతుకు ప్రమాదమంటే అర్హత ఉండీ పేరు జాబితాకెక్కకపోవడం. మొదటిదానికి చెల్లింపు కాగితం ఉంటుంది. రెండోదానికి ఏ కాగితమూ ఉండదు, పనిగట్టుకుని వెతికితేనే దొరుకుతుంది.

2008 నాటి కేంద్ర రుణమాఫీనే చూడండి. దానిపై కాగ్ నివేదిక 2013 మార్చిలో పార్లమెంటు ముందుకు వచ్చింది. మాఫీ అయిన 80,299 ఖాతాలు చూస్తే 8.5 శాతం అనర్హులవని తేలింది. అంతటితో ఆగి ఉంటే రైతులే దొంగలన్న మాట మిగిలేది. కానీ తొమ్మిది రాష్ట్రాల్లో మాఫీ దక్కని 9,334 ఖాతాలను కూడా తెరిచారు. అందులో 1,257 అర్హత ఉన్నవే, బ్యాంకులు జాబితాలో చేర్చలేదు. పరిశీలించిన 61,793 ఖాతాల్లో 21,182 ఖాతాలకు ధ్రువపత్రం ఇచ్చినట్టు ఆధారమే లేదు. ఆ పత్రం చూపితేనే కదా కొత్త అప్పు! ఇదంతా బయటపడేసరికి అయిదేళ్లు గడిచాయి. అన్నాళ్లూ ఆ రైతు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతూనే ఉన్నాడు.

కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవారికే ఇచ్చారు. చెల్లింపులు నిబంధన ప్రకారమే ఉన్నాయని ఆడిటర్ సంతకం పెట్టినా, సాగు చేసినవాడు ఆ లెక్కలో కనిపించడు. నిబంధనే అతన్ని వదిలేసింది. పథకం ఉద్దేశం నెరవేరిందా అని చూసే పనితీరు ఆడిట్ మాత్రమే ఈ ప్రశ్న అడగగలదు.

అందుకే రుణమాఫీ, పంట బీమా, పెట్టుబడి సాయం పథకాల్లో తిరస్కరించిన, వదిలేసిన పేర్లను ఆడిట్ ప్రణాళికలో మొదట పెట్టాలని కోరుతున్నాం. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ హక్కు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఇంటింటికీ తిరిగి మస్టర్లు సరిచూశారు. (రికవరీ ఎంత జరిగిందన్నది వేరే కథ.) కూలీల పథకానికి చేసిన పని రైతుల పథకాలకు ఎందుకు చేయకూడదు?

సభ్యులు తిరస్కరణకు గురైన దరఖాస్తుల నకళ్లు, బ్యాంకులు రాసిచ్చిన సమాధానాలు ఈ నెలాఖరులోగా మండల కమిటీలకు చేర్చండి. జిల్లాలవారీగా కూర్చి అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి, శాసనసభ ప్రజా పద్దుల సంఘానికి పంపుతాం. కౌలుదారులు యజమాని పేరు రాయకపోయినా ఫరవాలేదు, సర్వే నంబరు, వేసిన పంట రాస్తే చాలు. ఇకపై ఏ కార్యాలయంలోనైనా రసీదు తీసుకోకుండా దరఖాస్తు ఇచ్చి రావద్దు.