పారిస్‌లో ఒక హెడ్‌లైన్, ఢిల్లీలో ఒక ఫైలు నోట్

2000 ఏప్రిల్‌లో రాష్ట్రపతి హోదాలో కె.ఆర్. నారాయణన్ ఫ్రాన్స్ వెళ్లారు. ఎలిసీ భవనానికి ఒక అంటరానివాడు వచ్చాడనే అర్థం వచ్చేలా అక్కడి పెద్ద పత్రిక 'లె ఫిగారో' శీర్షిక పెట్టింది. మన అధికారులకు ఒళ్లు మండింది. మండాల్సిందే. కానీ అంతకు మూడేళ్ల ముందు ఆయన ప్రమాణ స్వీకారం చేసిన రోజున 'తొలి దళిత రాష్ట్రపతి' అంటూ మురిసిపోయింది కూడా ఇదే దేశం కదా. మనం చెప్పుకుంటే ఘనత, పక్కవాడు అంటే పరువు నష్టం. కులం విషయంలో భారత దౌత్యానికి రెండు నాలుకలున్నాయి. ఆ దౌత్యంలోనే దాదాపు మూడు దశాబ్దాలు పనిచేసిన దళితుడి జీవితాన్ని ఈ కోణం నుంచి చదవాలి.

మనకు అలవాటైన కథ వేరు. కేరళలోని ఉళవూర్‌లో పరవన్ కులంలో, నాటువైద్యం చేసే తండ్రికి పుట్టాడు. మైళ్ల కొద్దీ నడిచి బడికి వెళ్లాడు. ఫీజు కట్టలేక తరగతి గది బయట నిలబడి పాఠాలు విన్నాడు. చివరికి రాష్ట్రపతి భవన్ చేరాడు. పోటీ పరీక్షల పుస్తకాల్లో కూడా ఇంతే ఉంటుంది. కష్టపడితే ఎవరైనా ఎదగొచ్చని చెప్పడానికి ఈ కథ భలే పనికొస్తుంది. అందుకే మధ్యలో జరిగిందాన్ని కోసేస్తారు. 1943లో తిరువితాంకూర్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఎం.ఏ. ఫస్టు ర్యాంకులో పాసైన ఈ కుర్రాడికి లెక్చరర్ ఉద్యోగం ఇవ్వలేదు. గుమాస్తా పని ఇస్తామన్నారు. వద్దన్నాడు. నిరసనగా పట్టా కూడా తీసుకోలేదు. ప్రతిభ ఉంది, ర్యాంకు ఉంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఆ తలుపు బయటి నుంచి తెరుచుకుంది. 1945లో టాటా స్కాలర్‌షిప్ మీద లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లి హెరాల్డ్ లాస్కీ దగ్గర చదివారు. 1948లో తిరిగొచ్చి నెహ్రూను కలిశారు. లాస్కీ రాసిచ్చిన పరిచయ లేఖ జేబులోనే ఉంది. దాన్ని ముందే చూపించలేదు, మాటలన్నీ అయ్యాక వెళ్లబోతూ చేతికిచ్చారు. నాకు ఈ వివరం చాలా ఇష్టం. సిఫారసు ముందు వెళ్లి మనిషి వెనక నిలబడకూడదన్న పట్టుదల అందులో కనిపిస్తుంది. 1949లో విదేశాంగ సర్వీసులో చేరారు. తొలి పోస్టింగ్ రంగూన్. అక్కడే పరిచయమైన మా టింట్ టింట్‌ను 1951లో పెళ్లి చేసుకున్నారు. ఆ సర్వీసులో ఉన్నవాళ్లు విదేశీయులను పెళ్లాడకూడదన్న నిబంధన ఉండటంతో నెహ్రూ ప్రత్యేక అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత టోక్యో, లండన్, కాన్‌బెర్రా, హనోయ్. థాయ్‌లాండ్, టర్కీలలో రాయబారి. 1976లో చైనాకు పంపారు. అప్పటికి పదిహేనేళ్లుగా బీజింగ్‌లో భారత రాయబారి లేడు. 1980 నుంచి 84 దాకా అమెరికాలో రాయబారిగా ఉన్నారు.

రాయబారి సొంత గొంతుతో మాట్లాడడు, ప్రభుత్వ గొంతుతో మాట్లాడతాడు. ఆ పనిలో కులం గురించి నోరు విప్పే వీలు ఉండదు. 1984లో ఒట్టపాలెం రిజర్వుడు స్థానం నుంచి లోక్‌సభకు గెలిచాకే, అక్కడి నుంచి రాష్ట్రపతి పదవి దాకా వచ్చాకే, ఆయన తన మాట తాను చెప్పగలిగారు. ఆ మాటను కూడా దౌత్యవేత్త పద్ధతిలోనే చెప్పారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి 1997లో రిటైరయ్యాక సుప్రీంకోర్టులో దళిత న్యాయమూర్తి ఒక్కరూ లేరు. 1998 చివర్లో కొత్త న్యాయమూర్తుల నియామకాల ఫైలు రాష్ట్రపతి దగ్గరకొచ్చింది. ఆయన దాన్ని ఆపలేదు, గొడవ చేయలేదు. జనాభాలో నాలుగో వంతు ఉన్న ఎస్సీ, ఎస్టీలను, మహిళలను కూడా పరిగణనలోకి తీసుకోవడం రాజ్యాంగ స్ఫూర్తికి తగినదని ఫైలు మీద రాశారు. అంతే.  కానీ అది రికార్డులోకి ఎక్కింది, బయటికొచ్చింది, న్యాయవ్యవస్థలో ప్రాతినిధ్యం గురించి దేశమంతా మాట్లాడుకోక తప్పలేదు. 2000లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ సుప్రీంకోర్టుకు వచ్చారు. ఆ నోట్ వల్లే వచ్చారని నేననను. ఎవరూ లేరన్న సంగతిని మాత్రం ఆ నోట్ దాచనివ్వలేదు.

ఇప్పుడు అదే రాష్ట్రపతి పదవీకాలంలోని మరో సన్నివేశం చూద్దాం. 2001 ఆగస్టు, సెప్టెంబరుల్లో డర్బన్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి సదస్సు జరిగింది. తెలుగు నేల నుంచి కూడా దళిత కార్యకర్తలు వెళ్లారు. కులాన్ని ఎజెండాలో చేర్చమన్నారు. కులం జాతి కాదు, అది మా అంతర్గత విషయం, రాజ్యాంగం చూసుకుంటోంది అన్నది భారత ప్రభుత్వ వైఖరి. రాష్ట్రపతి భవన్‌లో దళితుడున్న దేశం, దళితుల గోడును ప్రపంచం ముందుకు రాకుండా అడ్డుకుంది. మరుసటి ఏడాదే ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుకను బట్టి చూపే వివక్షలోకి కులం కూడా వస్తుందని స్పష్టం చేసింది. మన విదేశాంగ శాఖ వైఖరి మాత్రం మారలేదు.

ఐఎఫ్‌ఎస్‌లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. కాబట్టి మనవాళ్లు లోపల ఉన్నారు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు చదవాల్సిన పాఠాన్ని ఎవరు రాస్తారన్నదే అసలు ప్రశ్న. దాన్ని తిరగరాయాలంటే బయట చదివి, కులం మీద పరిశోధన చేసి, ప్రపంచానికి తెలిసిన భాషలో వాదించగలిగేవాళ్లు కావాలి. అలాంటివాళ్లు తయారయ్యే దారికే 2022లో కంచె వేశారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలను మార్చి, భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజంపై పరిశోధనలకు డబ్బివ్వబోమంది. 1916లో కొలంబియాలో అంబేద్కర్ భారతదేశంలో కులాల మీద చదివిన పత్రం ఈ లెక్కన అనర్హం. 2025 జులైలో 106 మందిని ఎంపిక చేసి, ముందు 40 మందికే తాత్కాలిక లేఖలిచ్చారు. మిగిలినవాళ్లను నిధులుంటే చూద్దామన్నారు.

నారాయణన్‌కు ఒక ట్రస్టు డబ్బు దొరికింది, లాస్కీ లాంటి గురువు దొరికాడు. ఆ అదృష్టం దొరకనివాళ్ల కోసమే ప్రభుత్వ స్కాలర్‌షిప్ పెట్టుకున్నాం. వచ్చే విడత దరఖాస్తులు మొదలయ్యేలోగా ఆ నిబంధనను తీసేయమని విద్యార్థి సంఘాలు, ఎస్సీ, ఎస్టీ ఎంపీలు అడగాలి. నోటితో అడిగితే చాలదు. కాగితం మీద అడగాలి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోవాలి.