వలయం చూసి మందు అనొద్దు

సైన్సు చదివే నా స్నేహితురాలు మొన్న ల్యాబులో ఒక పెట్రీ ప్లేటు చూపించింది. అందులో బ్యాక్టీరియా పెంచి, నేలవేము సారంలో తడిపిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టారు. బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం ఏర్పడింది. దాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారట. "చూశావా, మీ అవ్వ కషాయం నిజమే!" అంది. నాకూ సంతోషమే. కానీ అంత తొందర వద్దంటాను.

అవ్వ నేలవేమును నీళ్లలో కాస్తుంది. ల్యాబులో మెథనాల్‌లో నానబెట్టారు. ఆ ఆకుకు చేదునిచ్చే ఆండ్రోగ్రఫోలైడ్ నీళ్లలో సరిగా కరగదు, మెథనాల్‌లో బాగా కరుగుతుంది. అంటే పరీక్షించింది అవ్వ కషాయాన్ని కాదు. ఇక్కడ తమిళనాట డెంగీ కాలంలో పంచే నిలవేంబు కుడినీరులో శొంఠి, మిరియాలు, వట్టివేరుతో కలిపి మొత్తం 9 సరుకులుంటాయి. అదీ వేరే. పైగా డెంగీ వైరస్ వల్ల వచ్చేది. ప్లేటులో ఆగింది బ్యాక్టీరియా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పోయిన ఏడు మా తమ్ముడికి జ్వరమొస్తే "కషాయం తాగుతున్నాడు కదా" అని 4 రోజులు రక్తపరీక్షకే పోలేదు. చివరికి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. తప్పు అవ్వది కాదు, ఆకుదీ కాదు. రుజువు కానిదాన్ని రుజువైందనుకున్న మాది.

అలాగని అవ్వ మాటను కొట్టిపారేయమనను. చైనా శాస్త్రవేత్త తూ యూయూ మలేరియా మందు కోసం మన మాచిపత్రి జాతి మొక్కను పరీక్షించినప్పుడు మొదట ఫలితం నిలకడగా రాలేదు. నాలుగో శతాబ్దపు వైద్యగ్రంథంలో ఆ మొక్కను కాచమని లేదు, నీళ్లలో నానబెట్టి పిండమని ఉంది. వేడికి గుణం పోతోందేమోనని ఆమె తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. 1971లో పని చేసింది. 2015లో నోబెల్ వచ్చింది. పాత వాక్యాన్ని జాగ్రత్తగా చదవడం వల్లే కదా!

ఆ చదవడం, రాయడం తెలుగు విద్యార్థినులమైన మన పని. ఏ భాగం, పచ్చిదా ఎండుదా, చన్నీళ్లా వేణ్ణీళ్లా, ఎన్ని గుప్పిళ్లు, ఎంత ఇగరాలి అని అవ్వలను అడిగి రాసిపెడదాం. మా ఇంట్లో నేలవేము అనేది అవ్వ ఒక్కతే. మేమందరం నిలవేంబు అంటాం. ఆ మాట పోతే, దానితో ఉన్న పద్ధతీ పోతుంది. అప్పుడు ల్యాబు దేన్ని పరీక్షిస్తుంది?

— రెండవ సంవత్సరం బి.ఏ. తెలుగు విద్యార్థిని