వెన్న తగ్గితే తవుడు కాదు, గడ్డి చూడాలి

పాల కేంద్రంలో వెన్న శాతం తగ్గిందనగానే మన పాడి రైతు చేసే మొదటి పని, తొట్టిలో ఇంకో నాలుగు దోసిళ్లు తవుడు పోయడం. నూకల జావ కాచి పోసేవారూ ఉన్నారు. దీంతో ఖర్చు పెరుగుతుందే గానీ వెన్న పెరగదు. ఒక్కోసారి ఉన్నది కూడా పడిపోతుంది.

కారణం ఆవు కడుపులోనే ఉంది. తిన్న మేతను ముందుగా అరిగించేది పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు. గడ్డిలోని పీచును అవి పులియబెడితే ఎసిటిక్ ఆమ్లం వస్తుంది. పాలలో వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు ఇదే. నూకలు, మొక్కజొన్న పిండి ఎక్కువైతే పొట్టలో పులుపు పెరిగి ఈ జీవులు దెబ్బతింటాయి. నూనె తీయని తవుడు మితిమీరినా పీచు సరిగా అరగదు. పెళ్లిలో మిగిలిన అన్నం గంపెడు పెడితే ఆవు ప్రాణానికే ముప్పు.

ఈ పులుపుకు విరుగుడు ఆవు లాలాజలమే. నెమరు వేస్తేనే లాలాజలం ఊరుతుంది. గడ్డి కడుపు నిండా తింటేనే నెమరు.

అలాగని దాణా మానేయమని కాదు. ఒంటి పోషణకు కిలో నుంచి కిలోన్నర, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చాలు. పది లీటర్ల ఆవుకు ఐదున్నర కిలోలకు మించక్కర్లేదు. అదీ ఒక్కసారే పెట్టకుండా పూటపూటకూ పంచాలి. దాణా మార్చాలంటే పది, పదిహేను రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి. మంచి పచ్చిమేత ఉంటే దాణా ఇంకా తగ్గించుకోవచ్చు.

మన చిత్తూరు వైపు వేరుశనగ కట్టె ఉంది. బూజు పట్టకుండా ఆరబెట్టి వామి వేసుకుంటే వరిగడ్డి కన్నా ఎంతో బలమైన మేత. బోరు కింద ఐదు సెంట్లలో ఏపీబీఎన్-1 గడ్డి, గట్ల మీద అవిసె వేసుకోవచ్చు. హెచ్.ఎఫ్. సంకరానికి వెన్న సహజంగానే తక్కువని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక డెయిరీలకు ఒక మాట. దాణా బస్తా అప్పుగా ఇచ్చి పాల బిల్లులో పట్టుకుంటున్నారు. గడ్డి పిలకలు, చాఫ్ కట్టరు కూడా అదే పద్ధతిలో ఇస్తే ఏం పోయింది? బస్తా అమ్మితే ఒకసారి లాభం. గడ్డి పెంచితే రైతూ నిలుస్తాడు, పాలూ నిలుస్తాయి.

రైతు కూడా బస్తా మోసే ముందు పాకలోకి తొంగి చూడాలి. పడుకున్న ఆవుల్లో సగమైనా నెమరు వేయకపోతే, పేడ పల్చబడి పుల్లని వాసన వస్తే, లోపం మేతలో ఉన్నట్టే.