ధ్రువపు ఎలుగుబంటికి ఫస్టు ప్రైజు

ఆ బొమ్మకి ఫస్టు ప్రైజు ఇచ్చిన ముగ్గురు జడ్జీల్లో నేనూ ఒకణ్ణి. ఈ ముక్క ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. తర్వాత ఎవరైనా "మరి నువ్వేం చేశావయ్యా?" అని అడిగే అవసరం ఉండదు.

సంగతేంటంటే, పోయిన శీతాకాలం మా కంపెనీ సీఎస్‌ఆర్ వాళ్ళు అరకు ట్రిప్పు పెట్టారు. శనివారం పొద్దున ఓ గిరిజన పిల్లల బడిలో "వాతావరణ మార్పు - రోజువారీ జీవితంలో మనం చేయగలిగింది" అని బొమ్మల పోటీ. మధ్యాహ్నం బొర్రా గుహలు. రాత్రి క్యాంప్ ఫైరు, బొంగులో చికెన్, ధింసా. ఆదివారం కాఫీ మ్యూజియం చూసుకుని తిరుగు ప్రయాణం. సేవకి సేవ, షికారుకి షికారు. కాలేజీ ఫెస్టులకి నేను పోస్టర్లు వేసేవాణ్ణని ఎవడో మా మేనేజరుకి చెప్పడంతో నన్ను జడ్జీని చేసేశారు. (ఇంజనీరింగ్ డ్రాయింగులో నాకెన్ని మార్కులొచ్చాయో మాత్రం ఎవడూ చెప్పలేదు.)

బడి వరండాలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద పర్యావరణాన్ని కాపాడుదాం అని, కింద మా కంపెనీ లోగో. ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామని 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించింది ఈ కొండ కింద విశాఖలోనే. అప్పుడది గుర్తుకొచ్చినవాడు మా నలభైమందిలో ఒక్కడూ లేడు, నాతో కలిపి.

పిల్లలకి ఐడియాలు ఇవ్వడానికి హెచ్‌ఆర్ వాళ్ళు ఓ కాగితం పంచారు. కేంద్రప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మిషన్ లైఫ్‌లో మామూలు మనిషి చెయ్యాల్సిన 75 పనుల జాబితా ఉంది కదా, అందులోంచి ఏరినవి. ఏసీ 24 డిగ్రీల దగ్గర పెట్టుకోండి. ఎర్రలైటు పడితే బండి ఇంజను ఆపండి. లిఫ్టు మానేసి మెట్లెక్కండి. భోజనంలో చిరుధాన్యాలు చేర్చుకోండి. చదువుతుంటే నాకే నవ్వొచ్చింది. కొండెక్కి బడికొచ్చే పిల్లకి మెట్లెక్కమని చెప్తున్నాం. చోడి అంబలి తాగి పెరిగినవాడికి చిరుధాన్యాలు తినమంటున్నాం. ఏసీ ఎవరైనా చూశారా అని మా వాడొకడు అడిగితే ఇద్దరు చెయ్యెత్తారు. ఒకడు పాడేరులో ఏటీఎం గదిలో చూశాట్ట.

బొమ్మలు వచ్చాయి. మూడొంతులు ఒకేలా ఉన్నాయి. కన్నీళ్ళు కారుస్తున్న భూగోళం. నోట్లో థర్మామీటరు పెట్టుకున్న భూగోళం. సగం పచ్చగా సగం ఎండిపోయిన చెట్టు. గొడుగు పట్టుకున్న భూగోళం కూడా ఒకటుంది, అదెందుకో తెలీదు. ఇవన్నీ నేను ఐదో క్లాసులో వేసినవే. అంటే పాతికేళ్ళుగా ఈ దేశంలో పిల్లలందరి చేతా ఇవే వేయిస్తున్నామన్నమాట, కాపీ పేస్టు చేసినట్టు. ఇక మంచుముక్క మీద ఒంటరిగా నిలబడ్డ తెల్ల ఎలుగుబంటి. ఆ కుర్రాడి గీత నిజంగా బాగుంది. వాడికి ఫస్టు ప్రైజు ఇచ్చేశాం. పాపం, వాడి తప్పేమీ లేదు. జడ్జీలకి ఏం నచ్చుతుందో పసిగట్టి అదే వేశాడు, అప్రైజల్ ముందు మనం చేసే పనే.

తప్పు జరిగింది ఇంకో బొమ్మ విషయంలో. ఓ ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్ళ అవ్వ బొమ్మ వేసింది. ఇంటి ముందు కూర్చుని అడ్డాకులు విస్తళ్ళు కుడుతోంది అవ్వ. చేతిలో వెదురు పుల్లలు, వెనకాల ఆకుల కట్టలు. పక్కనే ఆడవాళ్ళు ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా ఆడుతున్నారు. ఎర్రమన్ను రంగు మీద తెల్లటి సన్నటి మనుషులు. నా పక్కనున్న జడ్జీ గారు "బానే ఉంది కానీ ఇందులో క్లైమేట్ ఏదీ?" అన్నారు. నేను తలూపి, 'థీమ్' అన్న గడిలో పదికి నాలుగు వేశాను.

ఆ తర్వాత అందరికీ భోజనాలు. వెండిపూత ఉన్న పేపరు ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, మనిషికో నీళ్ళ సీసా. తిన్నాక ఆ చెత్తంతా ఎత్తింది ఆ పిల్లలే. అందులో ఆ అమ్మాయి కూడా ఉంది.

రాత్రి రిసార్టులో మోరి ఊదుతుంటే, తుడుము కొడుతుంటే ధింసా మొదలైంది. ధింసాలో రకాలున్నాయి. గ్రామదేవత కోసం ఆడేది బోడ ధింసా, పులినుంచి ఎలా తప్పించుకోవాలో చూపించేది బాగ్ ధింసా. మైకు పట్టుకున్నతను "ఇప్పుడు పతర్ తోలా ధింసా, అంటే అడవిలో ఆకులు ఏరడం" అన్నాడు. ఆ ఆకులు ఏరే ఆట చూస్తూ మేమందరం ప్లాస్టిక్ గిన్నెల్లో చికెన్ తింటున్నాం. అప్పుడు వెలిగింది నాకు, పొద్దున ఆ పిల్ల వేసింది ఏమిటో. మేం ఇచ్చిన అంశానికి ఆ రోజు వచ్చిన జవాబు అదొక్కటే. ఒక్కసారి వాడి పారేసేవాటి బదులు ఆకు, ఆ ఆకు తెచ్చే పని, ఆ పనిలోంచి పుట్టిన ఆట, మూడూ ఒకే కాగితం మీద. క్లైమేట్ ఏదీ అని అడిగాం మేము.

ఇంతకీ నా కోపం ఒక పోటీ మీద కాదు. పర్యావరణం పేరుతో కుర్రాళ్ళ చేత బొమ్మలేయించే ఈ తంతంతా పట్నం నుంచి కొండకి పాఠం మోసుకెళ్ళే పనిలా తయారయింది, దాని మీద. మోసుకెళ్ళే పాఠమన్నా సరైనదా అంటే అదీ కాదు.

మంచు కరగడం అక్కడి పిల్లలకి ఎందుకు? వాళ్ళ కొండల్లోనే కావలసినంత ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో మా వీధిలో చెట్లు పడ్డాయని మేం ఇప్పటికీ చెప్పుకుంటాం. అదే గాలికి పైన కాఫీతోటల్లో నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు విరిగి కాఫీ మొక్కల మీద పడ్డాయి. కాఫీ మొక్క నాటిన మర్నాడు కాయ కాయదు, నీడచెట్టు పెరగడానికి ఏళ్ళు పడుతుంది. అంటే ఒక్క రోజు దెబ్బకి ఓ కుటుంబం ఎన్ని పంటలు వెనక్కి పోయిందో లెక్కేసుకోండి. 2025లో అరకు తోటల్లో కాయతొలుచు పురుగు బయటపడింది. ఆ పురుగు వాతావరణం వల్లే వచ్చిందని నేను తీర్మానించట్లేదు. ఆ పిల్లల ఇళ్ళల్లో రాత్రిపూట మాట్లాడుకునేది దాని గురించి గానీ ఎలుగుబంటి గురించి కాదు అంటున్నానంతే. వాటి బొమ్మలు ఎందుకు రావు? మనం అడగం కాబట్టి.

ఇక బొమ్మలెయ్యడం నేర్పడానికి మనమెవరం? శ్రీకాకుళం, పార్వతీపురం వైపు సవరల ఇళ్ళ గోడల మీద ఎడిసింగ్ బొమ్మలు చూశారా ఎప్పుడన్నా? ఎర్రమట్టి అలికిన గోడ, బియ్యప్పిండి తెలుపు, వెదురుపుల్ల కుంచె. అలంకారానికి వేసేవి కావవి. పంట బాగుండాలని, ఇంట్లో జబ్బు తగ్గాలని, పోయిన పెద్దల కోసం వేస్తారు. పాతబడితే గోడలోనే కలిసిపోతుంది, పారేసేదంటూ ఏమీ ఉండదు. పోనీ పాతకాలం బొమ్మలే పట్టుకుని కూర్చున్నారా అంటే అదీ లేదు. వెరియర్ ఎల్విన్ 1950ల్లో సవరల గురించి రాసేనాటికే సైకిళ్ళు, రైళ్ళు, విమానాలు ఆ గోడలెక్కేశాయి. చుట్టూ కొత్తగా ఏదొస్తే అది బొమ్మలోకి రావడం ఆ కళలో ఉన్న పద్ధతే. అలాంటి చేతులకి క్లిప్ ఆర్టు ఇచ్చి ఇది చూసి వెయ్యమంటున్నాం.

మన వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామ్మూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉంటూ సవరభాష నేర్చుకున్నారు. ఆ భాషకి 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ముందు వాళ్ళ మాట నేర్చుకుని తర్వాత బడి గురించి ఆలోచించారాయన. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటో స్టేటస్‌లో పెట్టుకునే మనం, పోటీ పెట్టిన బడిలో పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కూడా అడగలేదు. లాంజియా సవర చిత్రకళకి ఒడిశా వాళ్ళు 2024లో జీఐ గుర్తింపు తెచ్చుకున్నారు. మనవైపు గోడలు సిమెంటువై రంగు డబ్బాలొచ్చేస్తున్నాయి. (గట్టి ఇళ్ళు రావద్దని కాదు బాబూ, ముందే చెప్తున్నా.)

ఏటికొప్పాకలో ఏం జరిగిందో చూడండి. లక్కబొమ్మల్లోకి రసాయన రంగులు వచ్చేశాక, చెట్ల గింజలూ బెరళ్ళూ వేళ్ళలోంచి తీసే పాత రంగుల్ని మళ్ళీ పనిలోకి తెచ్చారు సీవీ రాజు గారు. 2017లో జీఐ వచ్చింది, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్రం శకటం కూడా ఆ బొమ్మలదే. అక్కడ పర్యావరణం బొమ్మ మీద రాసిన నినాదంలో లేదు. అంకుడు కర్రలో, రంగులో, కడుపు నింపే పనిలో ఉంది.

ఇదంతా మా టీములో చెప్తే రెండు మాటలొచ్చాయి. ఒకటి, "అవేర్‌నెస్ కోసం కదరా, మరీ అంతలా చూస్తే ఎలా?" అవేర్‌నెస్ ఎవరికి? కరెంటు, పెట్రోలు, విమానం టిక్కెట్లు, ఏటా మార్చే ఫోను, ఇవన్నీ వాడేది మనం. పోటీ మన ఆఫీసులో పెట్టి, ఆ పిల్లల్ని జడ్జీలుగా కూర్చోబెడితే దాన్ని అవేర్‌నెస్ అనొచ్చు.

రెండోది, "నువ్వు మరీ వాళ్ళని దేవుళ్ళని చేస్తున్నావు. పోడు పేరుతో అడవి నరుకుతున్నది ఎవరు? చిప్స్ కవర్లు అక్కడా ఉన్నాయి కదా?" ఉన్నాయి. ఆ పిల్లలకీ చిప్స్ ఇష్టమే, ఫోనూ కావాలి, ఎందుకు వద్దు? చెత్తబండి రాని ఊరికి కవర్లు పంపిస్తే అవి ఎక్కడికి పోతాయి మరి. పోడులో కూడా తిండి కోసం కొట్టే వాలు వేరు, కాంట్రాక్టరు కొట్టించే అడవి వేరు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం మనకి సుఖంగా ఉంటుంది, అంతే.

అసలు బాధ ఇంకో చోటుంది. మేం మధ్యాహ్నం సెల్ఫీలు దిగిన ఆ బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలోనే గనుల లీజుల మీద గిరిజనుల తరఫున కోర్టుకెక్కితే 1997 జులై 11న సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. ఏజెన్సీలో భూమిని ప్రైవేటు కంపెనీలకి మైనింగుకి ఇవ్వడం కుదరదని, ప్రభుత్వానికైనా ఆ చట్టం వర్తిస్తుందని. అరకు రైలుకి 2017లో అద్దాల బోగీ తగిలించారని మనందరికీ తెలుసు, ఈ తీర్పు సంగతి మా బస్సులో ఒక్కడికీ తెలీదు. ఇప్పుడు అదే కొండల్లో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులొస్తున్నాయి. పగలు సోలార్ కరెంటు ఎక్కువైనప్పుడు కింది రిజర్వాయరు నీళ్ళు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. పెద్ద బ్యాటరీ అనుకోండి. ఇంజనీరుగా నాకు ఆ ఆలోచన నచ్చుతుంది కూడా. కానీ ఆ బ్యాటరీ పెట్టేది ఒకరి కొండ మీద, ఒకరి వాగు మీద. ఎర్రవరం వైపు, అనంతగిరి వైపు గిరిజనులు వద్దని రోడ్డెక్కారు. ఇక్కడ కింద విశాఖలో ఒక గిగావాట్ డేటా సెంటర్ అని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటిస్తే మన గ్రూపుల్లో పండగ చేసుకున్నాం, నేనూ లైక్ కొట్టాను. ఈ రెండిటికీ నేరుగా ఓ తీగ లాగి ఉందని నేననట్లేదు. కరెంటు కావల్సినవాళ్ళం మనం, కొండ ఇవ్వాల్సినవాళ్ళు వాళ్ళు. అంతవరకూ నిజం.

"మా కొండ మీద రిజర్వాయరు" అని ఏ కంపెనీ అయినా బొమ్మల పోటీ పెడుతుందా? పెట్టదు. పిల్లల కళ అంటే మనకి ముద్దు, వాళ్ళ వేలు మనవైపు చూపించనంతవరకే. అందుకే థీమ్ మనం ఇస్తాం, మార్కులు మనం వేస్తాం, చివర్లో గ్రూప్ ఫొటో దిగుతాం.

తిరిగొచ్చాక సీఎస్‌ఆర్ వాళ్ళకి మెయిలు పెట్టాను. వచ్చే ఏడాది వెళ్తే థీమ్ ఇవ్వొద్దు, పిల్లలకి తోచింది వెయ్యనిద్దాం. జడ్జీలుగా ఊళ్ళో పెద్దవాళ్ళుండాలి. రంగులు వాళ్ళకి కావాల్సినవే వాడుకోనిద్దాం. భోజనాలకి అడ్డాకు విస్తళ్ళు ఆ ఊళ్ళోనే డబ్బిచ్చి కొనాలి, బేరమాడకుండా. ఫ్లెక్సీ వద్దు. ఆ అమ్మాయి బొమ్మ, తను ఒప్పుకుంటే, మా ఆఫీసు లాబీలో ఎలుగుబంటి పక్కన పెట్టాలి, డబ్బిచ్చి.

వారానికి జవాబొచ్చింది. విస్తళ్ళకి ఓకే అట, వెండర్ రిజిస్ట్రేషన్ ఉంటే. అవ్వకి జీఎస్టీ నంబరు ఉందా అని అడిగారు. థీమ్ మాత్రం హెడ్డాఫీసు నుంచే వస్తుందట, ఈసారికి ఆల్రెడీ ఫైనల్ చేసేశారట. ఏంటా అని అటాచ్‌మెంట్ తెరిచి చూశాను. "సముద్ర తాబేళ్ళను రక్షిద్దాం."